న్యూ ఆర్లీన్స్: సొగసూ సంకటమూ

అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ కొసన, లూసియానా రాష్ట్రంలో, మిసిసిపీ నది సముద్రాన్ని చేరడానికి ఇంకా సుమారు 160 కిలోమీటర్లు ప్రవహించవలసిన చోట ఉన్న రేవు నగరం న్యూ ఆర్లీన్స్. నది ఇక్కడ నెలవంకలా వంపు తిరుగుతుంది. జాజ్ సంగీతానికి పుట్టిల్లుగా, మార్డీ గ్రా ఉత్సవానికీ క్రియోల్ వంటకూ పెట్టింది పేరుగా ఈ నగరం లోకానికి తెలుసు. 2005లో కట్రీనా తుపానుకు మునిగిన నగరంగానూ తెలుసు. ఈ రెంటినీ వేర్వేరు కథలుగా చెప్పుకోవడం అలవాటైపోయింది కాని, చరిత్ర చూస్తే అలా విడదీయడం కుదరదు. నగరపాలన తమకు ఇవ్వని ఆసరాను నల్లజాతి కుటుంబాలు తమలో తామే కూడగట్టుకున్నాయి. నగరానికి పేరు తెచ్చిన పాటా ఊరేగింపూ చాలావరకు ఆ ప్రయత్నంలోంచే వచ్చాయి. నగరం ఇవాళ ఆ పేరు మీద బతుకుతోంది. ఆ కుటుంబాలకు మాత్రం అక్కడ కాపురం చేయడం ఏటికేడాది కష్టమవుతోంది.

నేల, నీరు

మిసిసిపీ 31 రాష్ట్రాల నీటిని మోసుకొచ్చే నది. వరదలో ఒడ్డు దాటి పొర్లినప్పుడల్లా బరువైన ఇసుకా ఒండ్రూ అంచునే దిగబడేవి, మెత్తటి మట్టి దూరం కొట్టుకుపోయేది. అందువల్ల ఇక్కడ ఏటి ఒడ్డే మెరక. ఏటికి దూరం జరిగేకొద్దీ నేల పల్లమవుతూ చిత్తడిలోకి, ఆ తర్వాత పాంచర్‌ట్రేన్ అనే ఉప్పదనం కలిసిన పెద్ద సరస్సులోకి దిగిపోతుంది. సముద్రం నుంచి నదికి ఎదురీది ఓడలు రావడం ఆ రోజుల్లో చాలా కష్టం. సరస్సు గుండా వచ్చి, బాయూ సెయింట్ జాన్ అనే చిన్న పాయలోకి తిరిగి, కొద్ది దూరం సరుకు మోసుకుంటే నేరుగా నది ఒడ్డున తేలవచ్చు. ఆ అడ్డదారి ఆదివాసులకు ఎప్పటినుంచో తెలుసు. ఫ్రెంచివారికి చూపించింది వాళ్లే. దాన్ని నమ్ముకునే 1718లో బియెన్‌విల్ ఇక్కడ ఊరు కట్టించాడు. అప్పటి ఫ్రాన్స్ రాజప్రతినిధి, ఆర్లియాన్ ప్రభువు ఫిలిప్ పేరు దానికి పెట్టారు. 1722లో తుపాను వచ్చి ఆ పూరిళ్ల ఊరిని తుడిచిపెట్టింది. అంతకు ముందే ఇంజనీరు ఆద్రియాన్ ద పోజే గీసి ఉంచిన గళ్ల నమూనా ప్రకారం, ఖాళీ అయిన ఆ నేల మీదే వీధులు తీశారు. ఇప్పటి ఫ్రెంచ్ క్వార్టర్ వీధులు అవే.

దాదాపు రెండు వందల ఏళ్లు జనం మెరక మీదే సర్దుకుని బతికారు. వెనకనున్న చిత్తడి దోమలకు నెలవు. 1853లో ఒక్క ఏడాదే పచ్చజ్వరానికి సుమారు 8,000 మంది చనిపోయారు. 1899లో మురుగునీటి, మంచినీటి బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు ఇంజనీరు బాల్డ్విన్ వుడ్ 1913లో రూపొందించిన భారీ స్క్రూ పంపులు చిత్తడిని తోడి ఎండగట్టడంతో నగరం సరస్సు దాకా పాకింది. పల్లంలో కొత్త పేటలు లేచాయి. అయితే అది ఆకూ అలమూ కుళ్లి ఏర్పడ్డ నేల. తడి పోగానే కుంగడం మొదలుపెట్టింది. ఇప్పుడు నగరంలో దాదాపు సగం సముద్రమట్టానికి దిగువన ఉంది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా. ఆ పేటల్లో కురిసిన వాన దానంతటది ఎక్కడికీ పోదు, పంపులతో ఎత్తిపోయాలి. తోడేకొద్దీ నేల కుంగుతుంది, కుంగేకొద్దీ ఇంకా తోడాలి. వుడ్ పంపుల్లో కొన్ని వందేళ్లు దాటినా తిరుగుతూనే ఉండటం గొప్ప పనితనమే. కాని అవి ఇచ్చిన ధీమాతో పల్లంలో కట్టిన ఇళ్లే తర్వాత నీటి పాలయ్యాయి.

ఆ పంపుల్లో చాలావాటికి కావలసింది 25 సైకిళ్ల కరెంటు. దేశమంతా వాడేది 60 సైకిళ్లది. కాబట్టి బోర్డే పాతకాలపు టర్బైన్లతో సొంతంగా కరెంటు తయారుచేసుకుంటూ వచ్చింది. 2017 ఆగస్టు 5న తుపాను ఏమీ లేకుండానే, ఒక భారీ వర్షానికి వీధులు మునిగాయి. పంపులన్నీ పనిచేస్తున్నాయని అధికారులు మొదట చెప్పారు. చాలా పంపులు పాడైపోయి ఉన్నాయనీ, కరెంటు చాల్లేదనీ తర్వాత బయటపడింది.

ఎండగట్టిన నేలను పంచుకోవడంలోనూ వర్ణవివక్ష నడిచింది. సరస్సు పక్కన లేక్‌వ్యూ వంటి పేటల స్థలాల దస్తావేజుల్లోనే నల్లవారికి అమ్మకూడదన్న షరతులు ఉండేవి. నల్లజాతి కూలీలు, రేవు పనివారు చవకగా స్థలం దొరికిన లోయర్ నైన్త్ వార్డ్‌లో ఇళ్లు కట్టుకున్నారు. 1923లో తెరిచిన ఇండస్ట్రియల్ కెనాల్ ఆ పేటను మిగతా నగరం నుంచి కోసేసింది. అక్కడ సొంత ఇళ్లవాళ్లే ఎక్కువ. తాతలు కట్టిన ఇల్లు మనవలకు దక్కేది, చాలాసార్లు దస్తావేజు మార్పించుకోకుండానే. ఆ చిన్న విషయం 2005 తర్వాత ఎంత పెద్ద దెబ్బ కొట్టిందో ముందుముందు చూస్తాం.

జెండాలు మారిన ఊరు

1762లో రహస్య ఒప్పందంతో ఊరు స్పెయిన్ చేతికి వెళ్లింది. 1788లో గుడ్ ఫ్రైడే నాడు రాజుకున్న మంటలకు 856 కట్టడాలు కాలిపోయాయి. 1794లో మరో 212. అందుకే ఫ్రెంచ్ క్వార్టర్ అని పేరే తప్ప, నడిమి వాకిళ్లతో ఇటుక గోడలతో కనిపించే ఆ ఇళ్లు స్పెయిన్ ఏలుబడిలోనో ఆ తర్వాతో లేచినవి. చూపరులు ఫొటోలు తీసుకునే ఇనుప వరండాలు ఎక్కువగా 1850ల తర్వాత వచ్చాయి. 1803లో నెపోలియన్, స్పెయిన్ తిరిగి ఫ్రాన్స్‌కు అప్పగించిన లూసియానా మొత్తాన్నీ కోటిన్నర డాలర్లకు అమెరికాకు అమ్మేశాడు.

నగర స్వభావాన్ని ఈ జెండాలకన్నా ఎక్కువగా మార్చింది హైతీ తిరుగుబాటు. 1809-10లో అక్కడి నుంచి పారిపోయి, క్యూబా మీదుగా తొమ్మిది వేలకు పైగా శరణార్థులు వచ్చిపడి ఊరి జనాభాను దాదాపు రెట్టింపు చేశారు. వారిలో తెల్లవారు, స్వేచ్ఛ పొందిన నల్లవారు, బానిసలు సుమారుగా సమానంగా ఉన్నారు. మిగతా దక్షిణాదిలో కనిపించని ఒక వర్గం, అంటే చదువూ ఆస్తీ చేతి పనితనమూ ఉన్న స్వేచ్ఛా నల్లజాతి క్రియోల్ సమాజం, ఇక్కడ బలపడింది. ట్రెమే పేటలో వాళ్లు స్థలాలు కొని ఇళ్లు కట్టుకున్నారు. అదే ఊళ్లో, కొద్ది వీధుల అవతల, దేశంలోకెల్లా పెద్ద బానిస సంత నడిచింది. సెయింట్ లూయీ హోటల్ గుమ్మటం కింద మనుషుల్ని వేలం వేసేవారు. 1840 నాటికి 1,02,193 జనాభాతో దేశంలో మూడో పెద్ద నగరమైంది. ఆ సంపదంతా పత్తిదీ చెరకుదీ, అంటే వాటిని పండించిన బానిసలదీ.

అంతర్యుద్ధం తర్వాత దక్కిన హక్కులను ఒక్కొక్కటే లాక్కుంటున్న రోజుల్లో ఈ క్రియోల్ సమాజం చేసిన పోరాటం అమెరికా చరిత్రలో నిలిచిపోయింది. రైళ్లలో నల్లవారికి వేరే పెట్టె పెట్టిన చట్టాన్ని కోర్టులో పడగొట్టాలని వాళ్లు ఒక పౌర కమిటీగా కూడారు. ముందే అనుకున్న ప్రకారం 1892 జూన్ 7న హోమర్ ప్లెసీ అనే చెప్పులు కుట్టే వ్యక్తి తెల్లవారి పెట్టెలో కూర్చుని అరెస్టయ్యాడు. 1896లో సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చి, వేరుగా ఉంచినా సమానంగానే చూసినట్టు అన్న సిద్ధాంతాన్ని అర్ధ శతాబ్దంపాటు దేశం మీద రుద్దింది. ప్లెసీకి రాష్ట్ర గవర్నరు క్షమాభిక్ష పెట్టింది 2022లో. క్షమాపణ అడగవలసింది ఎవరో ఆ వరుస చూస్తేనే తెలుస్తుంది.

వలసలు ఆగలేదు. సిసిలీ నుంచి వచ్చిన ఇటాలియన్లలో 11 మందిని 1891లో అల్లరిమూక జైల్లో దూరి చంపింది. దాదాపు అదే కాలంలో బెంగాల్‌లోని హుగ్లీ ప్రాంతపు ముస్లిం వర్తకులు చికన్ పని చేసిన బట్టలు అమ్ముకుంటూ ఇక్కడికి చేరారు. ట్రెమేలో ఇళ్లు అద్దెకు తీసుకున్నారు, కొందరు నల్లజాతి స్త్రీలను పెళ్లాడి ఆ సమాజంలోనే కలిసిపోయారు. అమెరికాలో భారతీయుల తొలి కాపురాల్లో ఇవి కొన్ని. మన ప్రవాస చరిత్రల్లో వీటికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు. 1975 తర్వాత వియత్నాం నుంచి వచ్చిన కేథలిక్ కుటుంబాలు నగరానికి తూర్పున పేట కట్టుకుని, తమ కూరగాయలు తామే పండించుకున్నాయి. కట్రీనా తర్వాత అందరికన్నా ముందు తిరిగొచ్చినవారిలో వీళ్లున్నారు. తుపాను శిథిలాల చెత్తకుప్పను తమ పేట దగ్గర పెడితే 2006లో పోరాడి మూయించారు.

ఆదివారం మైదానం నుంచి

ఫ్రెంచివారి 1724 నాటి బానిస చట్టం ఆదివారం పని చేయించరాదంది. దానివల్ల బానిసలకు వారంలో ఒక పూట తమదంటూ మిగిలింది. 1817లో నగరపాలన ఆ పూట వాళ్లు గుమిగూడటాన్ని ఒకే చోటికి కట్టడి చేసింది. ట్రెమే అంచున ఉన్న ఆ మైదానానికి తర్వాత కాంగో స్క్వేర్ అన్న పేరు స్థిరపడింది. దక్షిణ కరొలైనాలో 1740 నుంచీ బానిసలు డప్పు ముట్టడమే నేరం. ఇక్కడ మాత్రం ఆదివారం మధ్యాహ్నాలు ఆఫ్రికా తాళాలు బాహాటంగా మోగాయి. వాషింగ్టన్‌లో కాపిటల్ భవనం కట్టిన వాస్తుశిల్పుల్లో ఒకడైన బెంజమిన్ లట్రోబ్ 1819లో ఆ నృత్యాలు చూసి, వాద్యాల బొమ్మలు గీసి ఉంచాడు. ఆయన వచ్చింది నగరానికి మంచినీటి ఏర్పాటు చేయడానికి. ఆ పని పూర్తికాకుండానే 1820లో పచ్చజ్వరంతో ఇక్కడే చనిపోయాడు.

కాంగో స్క్వేర్ నుంచి జాజ్ దాకా గీత గీసినట్టు తిన్నని దారి లేదు. నడుమ చాలా జరిగింది. క్రియోల్ కుటుంబాల్లో పిల్లలు స్వరలిపి చదివి క్లారినెట్ నేర్చుకునేవారు. ఊరి ఎగువ పేటల్లో, పల్లెల తోటల నుంచి వచ్చినవారు విని వాయించేవారు, వాళ్ల వాద్యంలో చర్చి పాటా కూలి పాటా ఉండేది. 1890ల వివక్ష చట్టాలు ఈ ఇద్దరినీ ఒకే గాటకట్టి, ఒకే మేళంలోకి తోశాయి. కార్నెట్ వాద్యకారుడు బడ్డీ బోల్డెన్ ఆ కలయికకు మొదటి పెద్ద పేరు. ఆయన 1907లో మానసిక చికిత్సాలయంలో చేరి 1931లో అక్కడే పోయాడు. ఆయన వాద్యం వినిపించే రికార్డు ఒక్కటీ మిగల్లేదు. తొలి జాజ్ రికార్డు 1917లో వెలువడింది, వాయించింది న్యూ ఆర్లీన్స్ నుంచి వెళ్లిన తెల్లవారి బృందం.

లూయి ఆర్మ్‌స్ట్రాంగ్ 1901 ఆగస్టు 4న ఇక్కడి పేదవాడలో పుట్టాడు. కొత్త సంవత్సరపు సంబరాల్లో పిస్టల్ పేల్చినందుకు బాలల సంస్కరణ గృహానికి పంపితే, అక్కడి బ్యాండులో కార్నెట్ చేతపట్టాడు. 1922లో షికాగో వెళ్లిపోయాడు. ఊరంటే ఎంత ప్రేమంటే ఉత్తరాల కింద ఎర్ర చిక్కుడు గింజల కూర పేరు చేర్చి సంతకం పెట్టేవాడు. అలాంటివాడు కూడా, తెల్లవారూ నల్లవారూ కలిసి వాయించరాదని 1956లో లూసియానా చట్టం చేశాక, 1965 దాకా ఇక్కడ కచేరీ చేయలేదు. ఆయన పుట్టిన ఇంటిని 1964లో పోలీసు, కోర్టు కట్టడాల కోసం కూల్చేశారు. తర్వాత ఆయన పేరుతో ట్రెమేలో పార్కు పెట్టారు. ఆ పార్కు లేచింది చాలా కుటుంబాల ఇళ్లు పడగొట్టి ఖాళీ చేసిన స్థలంలోనే. 2001లో విమానాశ్రయానికీ ఆయన పేరే పెట్టారు. నగరం తన కళాకారులతో ఎలా మెలిగిందో తెలుసుకోవడానికి ఈ ఒక్క జీవితం చాలు.

జాజ్ తర్వాతా ఊరు ఊరుకోలేదు. రాంపార్ట్ వీధిలోని కాసిమో మటాసా స్టూడియోలో, లోయర్ నైన్త్ వార్డ్ బిడ్డ ఫ్యాట్స్ డొమినో 1949లో చేసిన రికార్డింగ్‌ను రాక్ అండ్ రోల్ తొలి అడుగుల్లో ఒకటిగా లెక్కిస్తారు. భక్తిగీతాల గాయని మహేలియా జాక్సన్ ఇక్కడే పుట్టింది. మార్సాలిస్ కుటుంబం, బౌన్స్ అనే స్థానిక ర్యాప్ బాణీ, లిల్ వేన్, అందరూ ఈ వీధులవారే.

చావుకు మేళం, బతుకుకు చందా

ఈ నగరంలో అన్నిటికన్నా విలువైనదేదని అడిగితే, ఈ వ్యాసకర్త దృష్టిలో అది పేటల్లోని సహాయ సంఘాలు. బానిసత్వం పోయాక నల్లవారికి బీమా దొరకలేదు, ఆసుపత్రి దొరకడం కష్టం, శ్మశానంలో చోటుకూ ఇబ్బందే. అందుకని చందాలు వేసుకున్నారు. సభ్యుడికి జబ్బు చేస్తే వైద్యుడికి సంఘమే డబ్బు కట్టేది. చనిపోతే పెట్టె, సమాధి, మేళం ఏర్పాటు చేసేది. జాజ్ శవయాత్ర అలా స్థిరపడింది. శ్మశానం దాకా నెమ్మదైన విషాద గీతాలు వాయిస్తారు. సాగనంపాక డ్రమ్ము దరువు మారుతుంది, జనం గొడుగులూ రుమాళ్లూ ఊపుతూ ఆడతారు. ముందు నడిచే సంఘమూ మేళమూ మొదటి వరుస. వెనకనుంచి ఎవరైనా వచ్చి కలిసేది సెకండ్ లైన్. ఎండలు ముదిరే నెలలు తప్పించి దాదాపు ప్రతి ఆదివారం ఏదో ఒక సంఘం, చావుతో పని లేకుండానే, ఇలాంటి ఊరేగింపు తీస్తుంది. టికెట్టు లేదు, పందిరి లేదు. పేట వీధులే రంగస్థలం.

దానికి అనుమతి రుసుములు కట్టాలి, పోలీసు బందోబస్తుకూ డబ్బు కట్టాలి. 2006లో ఒక ఊరేగింపు వద్ద కాల్పులు జరిగాక ఆ రుసుములు అమాంతం పెంచితే సంఘాలు కోర్టుకెక్కి తగ్గించుకున్నాయి. 2007 అక్టోబరులో ట్రెమేలో ఒక ట్యూబా వాద్యకారుడి సంస్మరణ ఊరేగింపును పోలీసులు ఆపి ఇద్దరు సంగీతకారులను అరెస్టు చేశారు. పేటలోకి కొత్తగా వచ్చినవాళ్లు రాత్రిపూట చప్పుడంటూ చేసే ఫిర్యాదులు ఇప్పటికీ పెద్ద తగువే.

కార్నివాల్ కాలం జనవరి 6న మొదలై, క్రైస్తవుల ఉపవాస దినాలకు ముందటి మంగళవారం, అంటే మార్డీ గ్రా నాడు ముగుస్తుంది. ఊరేగింపులు తీసేది నగరపాలన కాదు, క్రూ అనే ప్రైవేటు సంఘాలు. 1857లో మొదలైన కోమస్, 1872 నాటి రెక్స్ సంపన్న తెల్లవారివి. వర్ణం, మతం చూసి సభ్యత్వం నిరాకరించే సంఘాలకు వీధి అనుమతి ఉండదని 1992లో నగర మండలి చట్టం తెస్తే, కోమస్ ఊరేగింపే మానుకుంది. నల్లవారి జులూ సంఘం 1909 నుంచి ఉంది. రంగులద్దిన కొబ్బరికాయలు దాని ప్రత్యేకత. 1949లో దాని రాజుగా ఆర్మ్‌స్ట్రాంగ్ ఊరేగాడు. శకటాల మీంచి జనానికి పూసల దండలు విసురుతారు. సెయింట్ చార్లెస్ అవెన్యూలో అయిదు వీధుల పొడవున మురుగు తూములు శుభ్రం చేస్తే దాదాపు 46 టన్నుల పూసలు బయటపడ్డాయని 2018లో నగరపాలన ప్రకటించింది. వాన నీటి కోసం ఇంత అవస్థ పడే ఊరు ఇంకా ప్లాస్టిక్ పూసలు విసురుకోవడం మానకపోవడం విచారకరం.

అదే రోజు పెద్ద వీధుల్లో కనబడని మరో వేడుక పేటల్లో జరుగుతుంది. మార్డీ గ్రా ఇండియన్లు అనే నల్లజాతి బృందాలు, పారిపోయిన బానిసలకు ఆశ్రయమిచ్చిన ఆదివాసుల గౌరవార్థమని చెప్పుకుంటూ, ఈకలూ పూసలతో కుట్టిన మహా వేషాల్లో బయలుదేరుతాయి. ఏటా కొత్త వేషం. ఏడాదంతా పని నుంచి వచ్చాక రాత్రుళ్లు ఒక్కో పూసా గుచ్చి కుట్టాలి. ఖర్చు వేల డాలర్లు, అదీ సొంత జేబులోంచి. నాయకుల్లో నాయకుడిగా పేరుపొందిన టూటీ మోంటానా భవన నిర్మాణ పనివాడు. పేటల మధ్య ఒకప్పుడు కత్తుల దాకా పోయిన కొట్లాటను ఎవరి వేషం అందమైనదన్న పోటీగా మార్చిన ఘనత ఆయనది. 2005లో సెయింట్ జోసెఫ్ పండుగ రాత్రి పోలీసులు ఈ బృందాలను చెదరగొట్టారు. దానిపై జూన్ 27న నగర మండలి సమావేశంలో మాట్లాడుతూనే మోంటానా కుప్పకూలి మరణించాడు.

గిన్నెలో చరిత్ర

గంబో అనే ఇక్కడి చిక్కటి పులుసు వండాలంటే ముందు పిండిని కొవ్వులో ముదురు గోధుమ రంగు తిరిగేదాకా ఓపికగా వేయించాలి. ఆ పద్ధతి ఫ్రెంచివారిది. చిక్కదనానికి వేసే బెండకాయ ఆఫ్రికా నుంచి వచ్చింది. బెండకాయ లేని కాలంలో వాడే ససాఫ్రస్ ఆకుపొడి చోక్టా ఆదివాసులది. ఉల్లి, సెలరీ, బుంగ మిరప లేకుండా ఇక్కడి పోపు లేదు. సోమవారం బట్టలుతికే రోజు గనక, పొయ్యి మీద దానంతటది ఉడికే ఎర్ర చిక్కుడు గింజలూ అన్నమూ సోమవారపు భోజనమైంది. 1929లో ట్రాం కార్మికులు సమ్మె చేస్తే, ఒకప్పుడు అదే పని చేసిన మార్టిన్ సోదరులు వారికి ఉచితంగా పెట్టిన పొడవాటి శాండ్‌విచ్ పోబాయ్‌గా నిలిచింది. చికోరీ కలిపిన కాఫీ తెలుగువారికి కొత్త కాదు. ఇక్కడ అంతర్యుద్ధపు దిగ్బంధంలో కాఫీ గింజ కరవైనప్పుడు దాని వాడకం పెరిగి, అదే రుచిగా మిగిలింది. ట్రెమేలో 1941లో మొదలైన డూకీ చేజ్ హోటల్లో లియా చేజ్ వంట తింటూ నల్లవారూ తెల్లవారూ ఒకే బల్ల దగ్గర పౌర హక్కుల ఉద్యమానికి ఎత్తులు వేశారు. అలా కలిసి కూర్చోవడమే అప్పుడు చట్టవిరుద్ధం.

కరకట్టలు తెగిన రోజు

1927 వరదల్లో నగరాన్ని కాపాడే పేరుతో దిగువన కెర్నార్వన్ వద్ద కరకట్టను డైనమైట్‌తో పేల్చారు. సెయింట్ బెర్నార్డ్, ప్లాకమిన్స్ ప్రాంతాల పేదల ఇళ్లు మునిగాయి, ఇస్తామన్న పరిహారం చాలామందికి సరిగా అందలేదు. 1965లో బెట్సీ తుపానుకు లోయర్ నైన్త్ వార్డ్ మునిగినప్పుడు, ఈసారి మన కట్టనే పేల్చారని అక్కడివారు నమ్మారు. ఆధారాలు దొరక్కపోయినా ఆ నమ్మకం ఎక్కడనుంచి వచ్చిందో 1927 చెబుతుంది. బెట్సీ తర్వాత నగర రక్షణ కట్టడాల బాధ్యత కేంద్ర ప్రభుత్వపు సైనిక ఇంజనీరింగ్ దళానికి అప్పగించారు.

2005 ఆగస్టు 29న కట్రీనా తీరం దాటింది. తుపాను కన్ను నగరానికి తూర్పుగా పోయింది. నగరాన్ని ముంచినది గాలి కాదు. సరస్సులోకి ఎగదన్నిన ఉప్పెన నీరు మురుగు కాలువల్లోకి వెనక్కి తన్నింది. సెవెంటీన్త్ స్ట్రీట్, లండన్ అవెన్యూ కాలువల వరద గోడలు నీరు అంచు దాటకముందే, కింది మెత్తటి మట్టి జారి, పడిపోయాయి. ఇండస్ట్రియల్ కెనాల్ గోడకు గండి పడి లోయర్ నైన్త్ వార్డ్ ఇళ్లు పునాదుల నుంచి కొట్టుకుపోయాయి. నగరంలో 80 శాతం మునిగింది. డిజైన్ లోపం ఉందని ఇంజనీరింగ్ దళమే 2006లో ఒప్పుకుంది. కాబట్టి దీన్ని ప్రకృతి వైపరీత్యం అనడం సగం నిజమే.

ఖాళీ చేయమన్న ఆజ్ఞ ముందు రోజే వచ్చింది. కారు లేనివారు సుమారు లక్షమంది. సూపర్‌డోమ్ క్రీడాంగణంలో, కన్వెన్షన్ సెంటర్‌లో వేలమంది తిండీ నీళ్లూ లేక రోజుల తరబడి ఎదురుచూడటం లోకమంతా టీవీల్లో చూసింది. మొత్తం మృతులు 1,833 అని చాలాకాలం లెక్క చెప్పారు. 2023లో జాతీయ హరికేన్ కేంద్రం దాన్ని 1,392గా సవరించింది. లూసియానా మృతుల్లో దాదాపు సగం మంది 75 ఏళ్లు, ఆపైన ఉన్న వృద్ధులు. సెప్టెంబరు 4న డాంజిగర్ వంతెన మీద పోలీసులు నిరాయుధులపై కాల్పులు జరిపి ఇద్దరిని చంపి, ఆ నేరాన్ని కప్పిపుచ్చారు.

నీరు దిగాక జరిగినది ఇంకా తక్కువమందికి తెలుసు. ఇళ్ల పునర్నిర్మాణానికి ప్రభుత్వమిచ్చిన సాయాన్ని చాలాకాలం తుపానుకు ముందటి ఇంటి ధరతో ముడిపెట్టారు. నల్లవారి పేటల్లో ఇళ్ల ధరలు ఎప్పుడూ తక్కువే. ఒకేలాంటి ఇల్లు కట్టడానికి ఒకే ఖర్చయినా అందిన సాయం వేరు. దస్తావేజు తాత పేరు మీదే ఉన్న కుటుంబాలు ఇల్లు తమదని రుజువు చేసుకోలేక సాయానికే దూరమయ్యాయి. 1736 నుంచి పేదలకు వైద్యం చేసిన చారిటీ ఆసుపత్రిని మళ్లీ తెరవలేదు. నాలుగు పెద్ద ప్రభుత్వ గృహ సముదాయాలను కూల్చారు, వాటిలో చాలా ఇళ్లు మళ్లీ వాడుకోదగినవేనని నివాసులు మొత్తుకున్నా వినలేదు. వేలమంది ఉపాధ్యాయులను తీసేసి, బడులను దాదాపు అన్నిటినీ చార్టర్ అనే ప్రైవేటు నిర్వహణ సంస్థల చేతిలో పెట్టారు. 2000లో 4,84,674 ఉన్న జనాభా 2010కి 3,43,829కి పడిపోయింది. 2020లో 3,83,997. వెళ్లిపోయి తిరిగిరాని వారిలో నల్లవారే ఎక్కువ.

సుమారు 1,450 కోట్ల డాలర్లతో కట్టలు, గేట్లు, పంపులు కొత్తగా కట్టారు. 2021లో సరిగ్గా ఆగస్టు 29నే వచ్చిన ఐడా తుపానుకు అవి నిలిచాయి. కరెంటు నిలవలేదు: నగరానికి వచ్చే ఎనిమిది ప్రధాన లైన్లూ తెగిపోయి, ఉక్కపోతలో రోజుల తరబడి జనం అల్లాడారు. కట్టల అవతల తీరం కరిగిపోవడమూ ఆగలేదు. నదికి రెండు పక్కలా కరకట్టలు వేశాక వరద ఒండ్రు చిత్తడి నేలలకు అందడం మానేసింది. చమురు కంపెనీలు తవ్విన కాలువల గుండా ఉప్పునీరు లోపలికి పాకింది. 1930ల నుంచి లూసియానా సుమారు 5,000 చదరపు కిలోమీటర్ల తీరభూమిని పోగొట్టుకుంది. ఉప్పెనను ముందుగా తట్టుకునేది ఆ చిత్తడి నేలలే. నదికి గేటు పెట్టి ఒండ్రు నీటిని చిత్తడిలోకి మళ్లించే దాదాపు 300 కోట్ల డాలర్ల మిడ్-బరటేరియా పథకాన్ని 2023లో మొదలుపెట్టి, ఖర్చు పెరిగిందనీ మత్స్యకారుల బతుకు దెబ్బతింటుందనీ చెప్పి 2025లో రాష్ట్రం రద్దు చేసింది.

ఎవరి ఊరు

2019లో ఈ నగరాన్ని చూడటానికి సుమారు రెండు కోట్లమంది వచ్చారు. ఆ రాబడిలో వంటవాడికీ, గదులు ఊడ్చేవారికీ, వీధి మేళగాడికీ దక్కే వాటా చిన్నది. పౌరుల్లో అయిదో వంతుకు పైగా పేదరికంలో ఉన్నారు. ట్రెమే, మారిన్యీ, బైవాటర్ పేటల్లో పాత షాట్‌గన్ ఇళ్లు, అంటే వీధి గుమ్మం నుంచి పెరటి దాకా గదులు ఒకదాని వెనక ఒకటిగా వరుసకట్టిన చెక్క ఇళ్లు, పర్యాటకులకు రోజువారీ అద్దెకిచ్చే బసలుగా మారుతున్నాయి. ఐడా తర్వాత అనేక బీమా కంపెనీలు దివాలా తీశాయి. చివరి దిక్కుగా ఉన్న రాష్ట్ర బీమా సంస్థ 2023లో ప్రీమియంను సగటున 63 శాతం పెంచింది. అప్పు తీరిన సొంత ఇల్లున్నవాళ్లు కూడా బీమా కట్టలేక అమ్ముకుంటున్నారు. హత్యలు 1994లో నాలుగు వందలు దాటాయి. 2022లో మళ్లీ 260 దాటి దేశంలోని పెద్ద నగరాల్లో హత్యల రేటు ఇక్కడే అత్యధికమైంది. 2024 నాటికి అవి సగం కన్నా తగ్గడం నిజమైన ఊరట. 2025 జనవరి 1 వేకువన బోర్బన్ వీధిలో జనం మీదికి ట్రక్కు తోలిన దాడిలో 14 మంది మరణించారు.

నగరం దేన్ని కాపాడుకుంటుందో, దేన్ని వదులుకుంటుందో తెలిపే ఉదాహరణ రెండు రహదారులది. 1960లలో నది ఒడ్డున, ఫ్రెంచ్ క్వార్టర్ ముందు నుంచి ఒక ఎత్తైన రహదారి కట్టాలనుకున్నారు. పరపతి గల వారసత్వ ప్రేమికులు ఏళ్ల తరబడి పోరాడారు, 1969లో కేంద్రం దాన్ని రద్దు చేసింది. ట్రెమే మీదుగా వెళ్లే క్లెయిబోర్న్ అవెన్యూకు ఆ అదృష్టం దక్కలేదు. అది నల్లవారి వ్యాపార వీధి, మందుల షాపులూ దర్జీ కొట్లూ బీమా కార్యాలయాలూ ఉన్న వీధి. నడిమి పచ్చిక మీద వందలాది ఓక్ చెట్ల నీడలో మార్డీ గ్రా నాడు కుటుంబాలన్నీ కూడేవి. 1966లో ఆ చెట్లు నరికి, పై నుంచి ఇంటర్‌స్టేట్ 10 అనే ఎత్తైన రహదారి వేశారు. వ్యాపారాలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. జనం మాత్రం ఆ చోటు వదల్లేదు. ఇప్పటికీ వంతెన కిందే మేళాలు మోగుతాయి, ఇండియన్ల బృందాలు కలుస్తాయి, కాంక్రీటు స్తంభాల మీద పాత ఓక్ చెట్ల బొమ్మలు వేశారు. ఆ రహదారిని ఏం చేయాలన్న చర్చ కట్రీనా నుంచీ నలుగుతోంది. దిగువ వీధిని బాగుచేసే పథకానికి నగరమూ రాష్ట్రమూ 4.7 కోట్ల డాలర్లు అడిగితే 2023లో కేంద్రం ఇచ్చింది అయిదు లక్షలు, అదీ ప్రణాళిక తయారీకి. మొత్తంగా కూల్చెయ్యాలనేవారు పేటలో చాలామందే. అయితే వంతెన పోతే స్థలాల ధరలు పెరిగి, మిగిలిన కాస్త పాత కుటుంబాలూ వెళ్లిపోవలసి వస్తుందని వారిలో కొందరి భయం. అందుకే కూల్చివేతకన్నా ముందు అద్దెలకూ ఇంటి పన్నులకూ హద్దు కట్టమని వారు అడుగుతున్నారు.